‘మృతి చెందింది’ కాదు, ‘కన్నుమూశారు’: పత్రికల డెస్కు మిత్రులకు ఒక నర్సు ఉత్తరం

గుంటూరు, విజయవాడ ఎడిషన్లలో అర్ధరాత్రి దాకా కూర్చుని వార్తలు దిద్దే సబ్ ఎడిటర్లకు, వాళ్లకు వార్తలు పంపే విలేకరులకు,

నమస్కారం.

నేను ముప్పయ్యొక్క ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గుంటూరులోనే. మీరూ మేమూ నైట్ డ్యూటీ మనుషులం. మీ దగ్గర ఆఖరి పేజీ ప్రెస్సుకు వెళ్లే వేళకు మేం వార్డులో బీపీలు రాసుకుంటూ ఉండేవాళ్లం. తెల్లారి డ్యూటీ దిగాక టీ కొట్టు దగ్గర మొదట చేతికి తీసుకునేది మీ పేపరే. అందుకే ఈ మాట ఇంకెవరికో కాకుండా మీకే రాస్తున్నాను.

నా బీరువాలో ఒక పేపరు ముక్క ఉంది. 2021 మే నెలది, కరోనా రెండో వేవ్ నాటిది. ఒకే కాలమ్‌లో రెండు మరణవార్తలు. పైన ఒక డాక్టరు గారిది. కింద నాతో పదకొండేళ్లు ఒకే వార్డులో పనిచేసిన నర్సుది. ఇద్దరికీ జబ్బు డ్యూటీలోనే అంటుకుంది. పై వార్త చివర ‘చికిత్స పొందుతూ కన్నుమూశారు’ అని ఉంది. కింది వార్త చివర ‘చికిత్స పొందుతూ మృతి చెందింది’ అని ఉంది.

అది ఏ పత్రికో చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. రాసినవారు కావాలని అలా రాయలేదని నాకు తెలుసు. ఆ రోజుల్లో మీ డెస్కుల్లో కూడా జ్వరాలు, భయాలు, సగం మంది సెలవులు. చెయ్యి అలవాటుగా అలా వెళ్లిపోయింది. నేను అడిగేది ఆ అలవాటు గురించే.

మన భాషలో క్రియ చివరి అక్షరం దగ్గరే మనిషికి మనం ఇచ్చే విలువ బయటపడుతుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. వీటిలో ‘వచ్చింది’ ఆడమనిషికీ అదే, ఆవుకూ అదే, తెనాలి బస్సుకూ అదే. ఇంట్లో ‘అమ్మ వచ్చింది’ అంటే అందులో చనువు ఉంది, ప్రేమ ఉంది, లోటేమీ లేదు. పేపర్లో ఆ చనువుకు చోటు లేదు. అక్కడ కలెక్టర్ ఆదేశించారు, ఎస్సై తెలిపారు, హెడ్మాస్టర్ కోరారు, డాక్టర్ చెప్పారు. నర్సు దగ్గరికి వచ్చేసరికి చెప్పింది, చేసింది, వెళ్లింది. ఆడవాళ్లు కాబట్టి అలా రాశాం అనడానికీ లేదు. లేడీ డాక్టర్ల గురించి మీరు ఎప్పుడూ ‘ఆపరేషన్ చేసింది’ అని రాయలేదు. అంటే తేడా ఆడా మగా దగ్గర లేదు, ఉద్యోగం దగ్గర ఉంది.

‘నర్సు’ అనే మాట మీ చెవికి ఏ అర్థంలో వినిపిస్తే చెయ్యి ‘ది’ వైపు పోతోందో అని చాలాకాలం ఆలోచించాను. రిటైరయ్యాక తీరిక దొరికింది, నిఘంటువులు తిరగేశాను. తెలిసింది చెబుతాను.

ఇంగ్లిష్‌లో ఈ మాటకు మొదట ఆసుపత్రితో సంబంధమే లేదు. లాటిన్‌లో పోషించడం అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు వచ్చింది. పరాయి బిడ్డకు పాలిచ్చి పెంచే ఆవిడను నర్స్ అన్నారు. రోగుల్ని చూసుకునే మనిషి అనే అర్థం తర్వాత చేరింది. బిడ్డల్ని పెంచే గది నర్సరీ అయింది, ఆ మీదట మొక్కల్ని పెంచే చోటూ నర్సరీయే. మనకు కడియం నర్సరీలు తెలుసు, ఎల్‌కేజీకి ముందు చదివే నర్సరీ తెలుసు. డెల్టాలో పుట్టినదాన్ని కాబట్టి నాకు మాత్రం ఆ మాట వింటే నారుమడే కళ్ల ముందు నిలుస్తుంది. నాట్లు వేసేదాకా నారుకు నీళ్లు ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. మా నాన్న పొద్దున్నే లేచి టీ కూడా తాగకుండా ముందు నారుమడి గట్టు మీదికి వెళ్లేవాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డులో చేరాక ఆయన ఎందుకలా వెళ్లేవాడో నాకు అర్థమైంది.

మన భాషలో ఇదే పుట్టుక ఉన్న మాట ‘దాది’. సంస్కృతంలోని ‘ధాత్రి’ నుంచి వచ్చింది. అమరకోశంలో ధాత్రికి మూడు అర్థాలు చెప్పారు: తల్లి బదులు పాలిచ్చే ఉపమాత, భూమి, ఉసిరి చెట్టు. ఈ మూడింటినీ ఒకే మాటలో పెట్టినవాళ్లు ఆ పనిని ఎంత ఎత్తులో చూశారో ఆలోచించండి. పురుడు పోసే ఆవిడకు వేరే పేరు, మంత్రసాని. మా గుంటూరులో బైబిలు చదివే ఇళ్లకు ఈ రెండు మాటలూ బాగా అలవాటు. మగబిడ్డల్ని చంపమన్న ఫరో మాట వినకుండా పిల్లల్ని బతికించినవాళ్లు మంత్రసానులు, నదిలో దొరికిన మోషేకు పాలివ్వడానికి పిలిపించింది దాదిని. మంత్రసాని గురించి ఊళ్లో ఒక సామెత ఉంది. ఆ పనికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి అని. కొందరు దీన్ని వెక్కిరింపుగా వాడతారు. కాన్పుల వార్డులో పనిచేసినదాన్ని, అందులో వెక్కిరించాల్సింది ఏముందో నాకు ఏనాడూ కనపడలేదు.

అయితే దాది, మంత్రసాని రెండూ మా పనిలో ఒక్కో ముక్కకే సరిపోతాయి. మొత్తం పనికి తెలుగులో సరైన క్రియ ఏది? సేవ, సపర్య, ఉపచారం... ఇవన్నీ ఉన్నాయి, కానీ వినగానే కాళ్లు పట్టే పనిలా అనిపిస్తాయి. నాకు దొరికిన మాట ఇంకొకటి ఉంది. అది నాకు ఒక ముసలావిడ ఇచ్చింది.

చలికాలం, రాత్రి రెండున్నర దాటింది. ఫిరంగిపురం వైపు నుంచి వచ్చిన అమ్మాయి, పంతొమ్మిదేళ్లు, తొలి కాన్పు. మామూలుగానే ప్రసవమై రెండు గంటలైంది. బిడ్డ బాగుంది, వార్డు నిద్రపోతోంది. నేను మంచాల మధ్య నడుస్తుంటే ఆ అమ్మాయి ‘చలేస్తోంది సిస్టర్, ఇంకో దుప్పటి ఉందా’ అంది. దుప్పటి తేవడానికి వెళ్లేదాన్నే, గొంతు ఎందుకో సన్నగా అనిపించింది. మణికట్టు పట్టుకున్నాను, నాడి గబగబా కొట్టుకుంటోంది. దుప్పటి ఎత్తి చూస్తే ప్యాడ్ తడిసిపోయి కింద గుడ్డ కూడా నానింది. పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా చేతికి తగలాలి. నానిన పిండిముద్దలా మెత్తగా ఉంది. అంటే అది ముడుచుకోవడం మానేసింది, లోపల రక్తం కారిపోతోంది.

ఎడం చేత్తో పొట్ట మర్దన చేస్తూనే కుడి చేత్తో సెలైన్ ధారగా వదిలాను. నిద్రమత్తులో ఉన్న స్టూడెంట్ నర్సును కేకేసి డ్యూటీ డాక్టరు గారి కోసం పరిగెత్తించాను. ఆవిడ వచ్చేసరికి ఇంజక్షన్లు ట్రేలో సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ చూసి, ఏం ఇవ్వాలో చెప్పి, తెల్లారేదాకా అక్కడి నుంచి కదల్లేదు. నాలుగున్నరకు నా చేతి కింద గర్భసంచి బిగుసుకుంది. ఆ గట్టిదనం తగిలిన క్షణం నా చేతికి ఇప్పటికీ గుర్తుంది.

పొద్దున అత్తగారు డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా వైపు తిరిగి, ‘నువ్వు కనిపెట్టుకొని ఉన్నావు కాబట్టి సరిపోయింది తల్లీ’ అంది.

కనిపెట్టుకొని ఉండటం. అంతకుముందు వెయ్యిసార్లు విన్న మాటే, కానీ ఆ రోజు కొత్తగా వినపడింది. బల్బును కనిపెట్టారు అంటే ఎవరికీ తెలియనిదాన్ని తెలుసుకున్నారని అర్థం. పిల్లవాణ్ణి కనిపెట్టుకొని ఉండు అంటే కళ్లు మరల్చకుండా చూసుకోమని. మా చర్చిలో కనిపెట్టుకొని ఉండటం అంటే ఓపిగ్గా ఎదురుచూడటం. ఈ మూడూ నర్సు పనే. చూస్తూ ఉండాలి, చూస్తున్నప్పుడు తేడా పట్టుకోవాలి, ఏ తేడా లేని రాత్రుల్లో కూడా విసుగు లేకుండా ఎదురుచూడాలి. నర్సింగ్ పాఠాల్లో ‘అబ్జర్వేషన్’ అని మూడేళ్లు బట్టీ పట్టిన సంగతిని ఫిరంగిపురం ముసలావిడ ఒక్క క్రియలో చెప్పేసింది.

ఇది నేను కొత్తగా అంటున్నదేమీ కాదు. చరకుడు వైద్యానికి నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. నాలుగో వంతు మాది. ఆ పరిచారకుడికి ఉండాల్సిన గుణాలూ నాలుగే. పని తెలిసి ఉండటం, నేర్పు, అనురాగం, శుభ్రత. వరస గమనించండి. అనురాగం మూడోది. పని తెలియడం మొదటిది.

మీ పేపర్లలో మాత్రం ఏటా మే 12న మా గురించి రాసేది ఆ మూడోదే. తెల్లదుస్తుల దేవతలు, సేవామూర్తులు, చేతిలో దీపం పట్టుకున్న నైటింగేల్ బొమ్మ. ఆ రోజు నైటింగేల్ పుట్టినరోజు, సంతోషమే. కానీ ఆమె 1860లో లండన్‌లో నర్సింగ్ స్కూలు పెట్టింది దేవతల్ని తయారుచేయడానికి కాదు, చదువుకున్న పనివాళ్లను తయారుచేయడానికి. క్రిమియా యుద్ధంలో గాయాలతో కన్నా రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని లెక్కలు తీసి, బొమ్మలు గీసి ప్రభుత్వానికి చూపించిన మనిషి ఆమె. మాకు దేవత అనే బిరుదు వద్దు. ఏడాదికి ఒక్కరోజు దేవత అని రాసి మిగతా రోజుల్లో ‘చెప్పింది’ అని రాసే కన్నా, ఏడాది పొడుగునా ‘చెప్పారు’ అని రాస్తే మాకు అదే పదివేలు.

ఇక ‘సిస్టర్’. అది కన్యాశ్రమాల నుంచి వచ్చిన మాట. రోగుల సేవ చేసిన మఠకన్యల పిలుపు. బ్రిటన్ ఆసుపత్రుల్లో తర్వాత అది హోదా అయింది, వార్డు మొత్తానికి పెద్దను సిస్టర్ అనేవారు. మా గుంటూరుకు ఈ పిలుపు రెండు దారుల్లోనూ వచ్చింది. 1904లో హాలెండ్ నుంచి జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సంఘం సిస్టర్లు వచ్చారు. అంతకు ముందే, 1883లో అమెరికా నుంచి లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ వచ్చి, ఆడవాళ్ల కోసం ఆసుపత్రి కట్టించి, 1930లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆ ఆసుపత్రిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. ఇప్పుడు మన దగ్గర ప్రతి నర్సూ సిస్టరే. నాకు ఆ పిలుపు ఇష్టం. పల్నాడు నుంచి వచ్చిన అవ్వలు ‘సిస్టరమ్మా’ అని ఇంకో అమ్మను చేరుస్తారు, అది ఇంకా ఇష్టం. నర్సమ్మ అన్నా అంతే. ఆ నోట్లో ‘అమ్మ’ నిజంగా అమ్మే. హెడ్డింగులో ‘నర్సమ్మ నిర్వాకం’ అని పెట్టినప్పుడు అదే ‘అమ్మ’ ఎకసెక్కం అయిపోతుంది.

మగవాళ్లు ఈ పనిలోకి చాలామంది వస్తున్నారు. వాళ్లను వార్డులో ‘బ్రదర్’ అంటారు. వాళ్ల గురించి రాయాల్సి వస్తే మీకు ఇబ్బంది, నర్సు అనగానే ‘ఆమె’ వచ్చేస్తుంది, తర్వాత దిద్దుకోవాలి. ‘రు’ అని రాస్తే ఆ ఇబ్బందీ ఉండదు.

జర్మనీలో కూడా ఒకప్పుడు నర్సును రోగుల సోదరి అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. 2020 నుంచి అక్కడ చట్టంలోనే ఆడవాళ్లకూ మగవాళ్లకూ సరిపోయేలా, రోగుల సంరక్షణలో నిపుణులు అనే అర్థంతో కొత్త పేరు పెట్టారు. మా అక్క కూతురు బెంజి సర్కిల్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ నేర్చుకుంటోంది, తనే చెప్పింది. ‘పిన్నీ, అక్కడ పేరులోనే నిపుణురాలు అని ఉంటుంది’ అని ఆ పొడుగాటి మాటను నాచేత మూడుసార్లు పలికించింది. మన దగ్గరా కదలిక లేకపోలేదు. కేంద్ర ఆసుపత్రుల్లో 2016లో స్టాఫ్ నర్సు అనే పేరు నర్సింగ్ ఆఫీసర్ అయింది. మంగళగిరి ఎయిమ్స్‌లో పిల్లలు అదే బ్యాడ్జి పెట్టుకుని తిరుగుతుంటే చూసి నాకు కళ్లు చెమర్చాయి.

మీలో కొందరు ఇంగ్లిష్ మాట వద్దని, భాష మీద ప్రేమతో ‘పరిచారిక’ అని రాస్తారు. మీ ప్రేమను కాదనను. కానీ కథల్లో రాణిగారికి వింజామర వీచేది పరిచారిక. చరకుడి కాలంలో ఆ మాటకున్న బరువు ఇప్పుడు లేదు. ‘నర్సు’ ఎప్పుడో తెలుగైపోయింది. బస్సు, పెన్ను, నర్సు అంటూ చివర ఉకారం తగిలించుకుని మన ఇంటి మాటే అయింది. దాన్నే రాయండి.

రాసే ముందు మాత్రం ఒక్క విషయం కనుక్కోండి. ఇది నాకు పేపరు ముక్క కన్నా పెద్ద బాధ. గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో సందుసందుకూ నర్సింగ్ హోమ్‌లు. ఆ పేరులో ఉన్నది నర్సింగే. కానీ లోపల తెల్లకోటో, నీలం డ్రెస్సో వేసుకుని తిరిగే వాళ్లందరూ నర్సులు కాదు. ఏఎన్ఎం రెండేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. చదివాక కౌన్సిల్లో రిజిస్టర్ కావాలి, ఒక నంబరు ఇస్తారు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త కమిషన్ చట్టం కూడా వచ్చింది. ఇంత ఉండగా, కొన్నిచోట్ల ఇంటర్ ఫెయిలైన పిల్లల్ని తక్కువ జీతానికి పెట్టుకుని, నెల రోజుల్లో సూది గుచ్చడం నేర్పి వార్డులో వదిలేస్తారు.

కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక చోట, పేరు చెప్పను, ఒక అమ్మాయి ఒకరికి ఇవ్వాల్సిన ఇంజక్షన్ ఇంకొకరికి ఇచ్చింది. రోగి ఐసీయూ పాలయ్యాడు, దేవుడి దయ వల్ల బతికాడు. మర్నాడు పెద్ద అక్షరాలతో ‘నర్సు నిర్లక్ష్యం’ అని వచ్చింది. ఆ అమ్మాయి నర్సు కాదు. ఏ కౌన్సిల్లోనూ పేరు లేదు. ఆ మాట మీ వార్తలో ఎక్కడా లేదు. ఆ రోజు మా వార్డులో ఒక రోగి కొడుకు నేను సిరంజి ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టి ‘ఏ మందో సీసా చూపించు’ అన్నాడు. చూపించాను. పేరు, డోసు, తేదీ చదివి వినిపించాను. అడగడం అతని హక్కు, నేను తప్పు పట్టలేదు. కానీ ఆ చూపు నెలల తరబడి మా అందరి వెంట ఉంది. ఆ అమ్మాయి మీద కూడా నాకు కోపం లేదు. ఇంట్లో గడవక చేరిన పిల్ల, ఏ మందు ఎందుకో తనకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఆ డ్రెస్సు తొడిగిన యాజమాన్యం పేరు వార్తలో ఎక్కడో చివర ఉంది.

అందుకని, అలాంటి వార్త వచ్చినప్పుడు విలేకరి చేత ఒక్క ఫోన్ చేయించండి. ఆమె రిజిస్టర్డ్ నర్సేనా అని అడిగించండి. కాకపోతే ‘శిక్షణ లేని ఉద్యోగిని’ అని రాయండి, పెట్టుకున్నది ఎవరో పైన రాయండి. నర్సే అయి, తప్పు నిజంగా ఆమెదే అయితే, నర్సు అనే రాయండి. మేం దాన్ని కాదనం. డాక్టరు మీద కేసు పెట్టినా మీరు ‘ఆయన’ అనే రాస్తారు కదా, మాకూ అలాగే రాయండి.

మరో చిన్న సంగతి. డాక్టర్లకు ‘వైద్యులు’ అని, మాకూ ల్యాబ్ వాళ్లకూ స్వీపర్లకూ కలిపి ‘సిబ్బంది’ అని రాస్తుంటారు. చోటు లేదని తెలుసు. ఒక్క మాట ఎక్కువైనా ‘వైద్యులు, నర్సులు’ అని రాయగలిగితే రాయండి.

మీ డెస్కులో గోడకు ఒక కాగితం అంటించి ఉంటుందట, ఏ మాట ఎలా రాయాలో. మా పక్కింటి అబ్బాయి మీ రంగంలోనే ఉన్నాడు, అతను చెప్పాడు. ఆ కాగితంలో ఒక వరుస చేర్చమని అడుగుతున్నాను: నర్సు అన్నారు, నర్సు చెప్పారు, నర్సు చేశారు.

2021 నాటి ఆ వార్తను ఇప్పుడు ఎవరూ మళ్లీ అచ్చు వేయలేరు. ఆమె పిల్లలు ఇద్దరూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ల కోసం ఆ రెండు వరుసలు ఇక్కడ రాసిపెడుతున్నాను. పేరు రాయడం లేదు, వాళ్లకు తెలుస్తుంది.

‘ప్రసూతి వార్డులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న స్టాఫ్ నర్సు కరోనాకు చికిత్స పొందుతూ బుధవారం తెల్లవారుజామున కన్నుమూశారు. జ్వరం వచ్చే ముందు రోజు రాత్రి కూడా ఆమె డ్యూటీ చేశారు.’

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
గుంటూరు